గోళం లోపల తంతి ఆఫీసు

ఫ్లోరిడాలో ఎండాకాలం మధ్యాహ్నం వాన చెప్పి మరీ వస్తుంది. డిస్నీవాళ్ళ ఎప్‌కాట్ పార్కు గేటు దాటి నాలుగడుగులు వేశామో లేదో కుమ్మరించేసింది. జనమంతా ఎదురుగా ఉన్న వెండిరంగు గోళం కిందికి పరుగెత్తారు, వాళ్ళతో పాటు మేమూ. అక్కడ నిలబడి నాన్న మెడ వెనక్కి వాల్చి చాలాసేపు పైకే చూశారు.

"ఇంత బంతి మీద పడ్డ నీళ్ళన్నీ ఎటుపోతున్నాయమ్మాయ్? అంచున ఒక్క చుక్క కారట్లేదే!"

నాన్న అడిగే ప్రశ్నలెప్పుడూ ఇలాగే ఉంటాయి. ఆ గోళానికి లోపలొకటి, బయటొకటి రెండు పొరలుంటాయి. బయట కనిపించే 11,324 త్రికోణాలు కేవలం పైతొడుగు. వాటి మధ్య సన్నటి సందులు వదిలారు. వాన ఆ సందుల్లోంచి లోపలికి దిగి, కాలవల్లో చేరి, పార్కు మధ్యలో ఉన్న చెరువులోకి పోతుంది. 165 అడుగుల వ్యాసం ఉన్న బంతిని కాళ్ళ మీద నిలబెట్టి, దాని కిందుగా జనం నడిచే దారి పెట్టినప్పుడు ఈ ఏర్పాటు లేకపోతే రోజూ వందలమంది నెత్తిన జలపాతం పడేది. చెప్పాను. "మన ఆఫీసు డాబాకి ఇది చేసుంటే బాగుండేది" అన్నారు నాన్న.

మన ఆఫీసంటే రాజమండ్రి తంతి ఆఫీసు. నాన్న 1970ల్లో తంతి తపాలా శాఖలో చేరి, మోర్సు కొట్టి, తర్వాత టెలిప్రింటర్ నేర్చుకుని, ఆ శాఖ చీలికలూ పేలికలూ అయి చివరికి బీఎస్ఎన్ఎల్ అయ్యాక రిటైరయ్యారు. అందుకే అట్లాంటా నుంచి ఏడు గంటలు కారు నడిపి మరీ ఆయన్ని ఇక్కడికి తీసుకొచ్చాను. ఈ గోళం లోపల ఉన్న ‘స్పేస్‌షిప్ ఎర్త్’ మనుషులు ఒకరితో ఒకరు మాట్లాడుకోవడం నేర్చుకున్న కథ. గుహగోడల మీద బొమ్మల దగ్గర మొదలై కంప్యూటర్ దాకా వస్తుంది. మా అబ్బాయి దృష్టిలో మాత్రం అది ‘ఆ స్లో రైడ్’.

చీకటి గదుల గుండా బండిలో కూర్చోబెట్టి తిప్పుతూ, కదిలే బొమ్మలతో కథ చెప్పేదాన్ని డార్క్ రైడ్ అంటారు. దయ్యాల కొంపలకీ పిల్లల కథలకీ వాడే ఈ పద్ధతిని పాఠం చెప్పడానికి వాడటమే ఎప్‌కాట్ ప్రత్యేకత. వాల్ట్ డిస్నీ 1966లో ప్రకటించింది నిజానికి పార్కు కాదు, మనుషులు కాపురాలుండే రేపటి నగరం. ఆ ఏడాది డిసెంబరులోనే ఆయన పోయారు. పదహారేళ్ళ తర్వాత, 1982 అక్టోబరు 1న, నగరానికి బదులు శాశ్వత ఎగ్జిబిషన్‌లాంటి పార్కు తెరిచారు. శక్తికొక మంటపం, రవాణాకొకటి, నేలకొకటి. ఒక్కోదానికి ఒక్కో పెద్ద కంపెనీ పోషణ. రవాణా చరిత్ర చెప్పిన వరల్డ్ ఆఫ్ మోషన్ 1996లో మూతపడింది. భవిష్యత్తులో ఇళ్ళెలా ఉంటాయో చూపించిన హొరైజన్స్ 1999లో పోయింది. డైనోసార్ల మధ్య నుంచి తీసుకెళ్ళి ఇంధనాల గురించి చెప్పినది 2017 దాకా లాగింది. ఇప్పుడా చోట రోలర్ కోస్టరుంది. ముందువరుసలో పాఠం చెబుతూ మిగిలిన పెద్ద బండి ఇదే. కూరగాయల తోటల మధ్య పడవలో తిప్పే ఇంకొకటీ ఉంది కానీ, దాన్ని అమ్మకు వదిలేద్దాం. అక్కడ వంకాయ మొక్క చూసి ఆవిడ కదిలితే ఒట్టు.

నేను దీన్ని మొదట చూసింది 2006లో, ఎమ్మెస్ చదివే రోజుల్లో, రూమ్మేట్లతో. అప్పుడు గోళం పక్కన మిక్కీ చెయ్యి ఒకటి మంత్రదండం పట్టుకుని, గోళం కంటే ఎత్తుగా నిలబడి ఉండేది. 2000 సంవత్సరం వేడుకలకని పెట్టి, తియ్యడం మరిచిపోయినట్టు వదిలేశారు. 2007లో తీసేశారు, మంచిపని చేశారు. అంత అందమైన కట్టడానికి అదొక దిష్టిబొమ్మ. లోపల అప్పుడు కథ చెప్పిన గొంతు ఇంగ్లీషు నటుడు జెరెమీ ఐరన్స్‌ది. గంభీరంగా, గుడిలో మాట్లాడినట్టు ఉండేది. ఇప్పుడు నటి జూడీ డెంచ్. ఐరన్స్ కంటే ముందు, 1986 నుంచి 1994 దాకా, అమెరికా ఇళ్ళల్లో రోజూ వార్తలు చదివిన వాల్టర్ క్రాంకైట్. గొంతు మారినప్పుడల్లా పాఠం ధోరణీ మారింది. డెంచ్ మాటల్లో చమక్కులెక్కువ. నాకు పాతదే ఇష్టం. కానీ మా అబ్బాయి నవ్వింది మాత్రం కొత్త మాటలకే, ఒప్పుకోవాలి.

బండ్లు ఆగవు. గొలుసుగా ఒకదాని వెనక ఒకటి కదులుతూనే ఉంటాయి. మనం కూడా కదిలే నేల మీద నడిచి వాటిలోకి ఎక్కాలి. నడవలేనివాళ్ళు ఎవరైనా ఎక్కుతుంటే మాత్రం మొత్తం గొలుసంతా నెమ్మదిస్తుంది, లేదా ఆగుతుంది. నాన్నా మా అబ్బాయీ ముందు సీట్లో, అమ్మా నేనూ వెనక. బండిలో ఉన్న తెర మీద భాష ఎంచుకోవచ్చు: స్పానిష్, ఫ్రెంచ్, జర్మన్, జపనీస్, పోర్చుగీసు ఉన్నాయి. అమ్మ కోసం తెలుగు అనువాదం నా గొంతులోనే, గుసగుసగా.

పైకెక్కుతూ ఉంటే మొదట గుహ మనుషులు, తర్వాత పపైరస్ అనే రెల్లు కాగితం మీద రాస్తున్న ఈజిప్టువాళ్ళు, అక్షరాలు మోసుకెళ్ళే ఫినీషియన్ ఓడలు, గ్రీకులు, రోమన్లు. రోము కూలిన దగ్గర చీకట్లో ఎర్రటి వెలుగు, ఒక కాలిన వాసన. కట్టెపొయ్యి మీద ఏదో మాడిన వాసనలా నిజంగా ముక్కుకి తగులుతుంది. "ఏదో అంటుకుందే!" అని అమ్మ కంగారుపడింది. వాసన కూడా ఆటలో భాగమేనని చెప్పాక కుదుటపడింది. ఆ మంటల్లో పోయిన పుస్తకాల నకళ్ళు కాపాడుకున్న తూర్పు పండితుల దృశ్యం దాని తర్వాత. ఇక్కడ నాకో చిన్న గొణుగుడుంది. బాగ్దాదు పండితులు మన దేశపు అంకెల్నీ సున్నానీ అందుకుని పడమటికి చేర్చిన సంగతి ఈ బండిలో ఎక్కడా లేదు. కంప్యూటర్ దాకా వచ్చే కథలో సున్నా లేకపోవడం ఏమిటో! పార్కు రెండో సగంలో పదకొండు దేశాల మంటపాలున్నాయి, వాటిలోనూ మనం లేం.

మఠంలో పుస్తకాలు నకలు రాసే సన్యాసులిద్దరు. ఒకాయన రాస్తున్నాడు, రెండో ఆయన బల్ల మీద తల వాల్చి నిద్రపోతున్నాడు. కాస్త గమనిస్తే వీపు ఊపిరికి లేచి పడుతుంది. "రాత్రి డ్యూటీ" అన్నారు నాన్న ముందు సీట్లోంచి. పక్కనే గుటెన్‌బర్గ్, అచ్చయిన కాగితం ఎత్తి పట్టుకుని పరిశీలిస్తున్నాడు. ఆ బొమ్మల చర్మం కాస్త వెలిసింది, చేతుల కదలికలో పాతకాలపు కుదుపు ఉంది. ఆశ్చర్యమేమిటంటే, అది ఎబ్బెట్టుగా లేదు. గుటెన్‌బర్గ్ 1982లో ఎంత పాతవాడో ఇప్పుడూ అంతే పాతవాడు.

మైకలాంజెలో బొమ్మలేస్తున్న సీలింగు కింద నుంచి వెళ్ళి, ఆవిరి అచ్చుయంత్రం దాటగానే తంతి ఆఫీసు వచ్చింది.

నాన్న ముందుకు వంగారు. టకటక వినపడింది. ఒక మనిషి బల్ల ముందు కూర్చుని వేలితో మీట నొక్కుతున్నాడు. బండి ఆగదు కదా, అర నిమిషం కూడా లేదు. నాన్న తల తిప్పుకుంటూ, తిప్పుకుంటూ, ఇక తిరగదనేదాకా చూశారు. ఆయన కుడిచేతి చూపుడువేలు ముందున్న కడ్డీ మీద ఆడుతోంది. మా అబ్బాయి అది చూసి "తాతయ్యా, అదేంటి?" అన్నాడు.

"పెళ్ళికి శుభాకాంక్షలు. అంతా కొట్టక్కర్లేదురా. ఒక్కో శుభాకాంక్షకి ఒక్కో నెంబరుండేది. నెంబరు కొడితే చాలు, అవతలి ఆఫీసువాడు వాక్యం మొత్తం రాసి ఇచ్చేవాడు."

"ఇమోజీలా?"

నాన్నకి ఇమోజీ అంటే ఏమిటో తెలుసు, వాట్సాప్‌లో రోజుకి ఇరవై దండాలు పంపిస్తారు. "అదేలే" అన్నారు. మన దేశంలో ఆఖరి తంతులు తీసుకున్నది 2013 జులై 14న. ఆరోజు ఊళ్ళో ఆయన స్నేహితులు కొందరు ఒకరికొకరు టెలిగ్రాములు ఇచ్చుకున్నారట. అవిప్పటికీ ఇంట్లో బీరువాలో ఉన్నాయి.

తర్వాత టెలిఫోన్ స్విచ్‌బోర్డు ముందు కూర్చున్న అమ్మాయిలు, రేడియో, సినిమాహాలు, 1969లో చంద్రుడి మీద అడుగు పెట్టడాన్ని టీవీలో చూస్తున్న కుటుంబం. ఆ చంద్రుడి దృశ్యం నేను 2006లో చూడలేదు, 2007-08 మరమ్మతుల్లో వచ్చింది. అప్పుడే వచ్చింది దాని పక్కన మెయిన్‌ఫ్రేమ్, అంటే గదంత పాతకాలపు కంప్యూటర్ ఉన్న గదీ, పెద్ద టేపుచక్రాలతో. అమీర్‌పేటలో ఆ కంప్యూటర్ల భాష కోబాల్ నేర్చుకుని, 2000 సంవత్సరపు తేదీల గండం వై2కె పుణ్యమా అని విమానమెక్కిన మన తెలుగువాళ్ళకి అది కులదేవత గుడి కిందే లెక్క. ఆ వెంటనే 1977లో కాలిఫోర్నియాలో ఒక గ్యారేజీ, అందులో ఇంటి కంప్యూటర్ తయారుచేస్తున్న కుర్రాడు.

బొమ్మల కథ అక్కడితో అయిపోతుంది! 1977తో. తర్వాత పచ్చటి అంకెల సొరంగం, గోళం నడినెత్తిన నల్లటి ఆకాశం, నక్షత్రాలు, అందులో భూమి. ఇంటర్నెట్టు, చేతిలో ఫోను, ఏవీ బొమ్మలుగా లేవు. ఫోన్లు మాత్రం ఉన్నాయి, ముందు బండ్లలో కూర్చున్నవాళ్ళ చేతుల్లో. ఆ చీకట్లో నక్షత్రాల కంటే అవే ఎక్కువ వెలుగుతున్నాయి.

అక్కడి నుంచి బండి వెనక్కి తిరిగి, వీపు కిందికి పెట్టి దిగుతుంది. వాలు ఎక్కువ కనుక అలా తిప్పుతారు. అమ్మకి ముందే చెప్పి ఉంచాను, అయినా నా చెయ్యి వదల్లేదు. దిగే దారి దాదాపు ఖాళీ. చీకటే. దానికి బదులు బండిలోని తెర మనల్ని నాలుగు ప్రశ్నలడిగి, ఎక్కేటప్పుడు తీసిన ఫొటోలోని మొహాన్ని ఒక కార్టూను శరీరానికి అతికించి, ‘ఇదే మీ భవిష్యత్తు’ అని చూపిస్తుంది. నాన్న మొహం ఎగిరే వాహనంలో కూర్చోగానే మా అబ్బాయి పడీ పడీ నవ్వాడు. బాగానే ఉంది, కానీ 2008లో చేసిన భవిష్యత్తని చూడగానే తెలిసిపోతుంది. బొమ్మల గీతలు, రంగులు, జోకులు, అన్నీ ఆనాటివే.

ఈ బండికి మొదటినుంచీ ఇదే తంటా. 1982లో పైన ఉన్నది నెట్‌వర్కుల్ని నియంత్రించే గది, అప్పటికి అదే రేపు. 1994లో అమెరికా అబ్బాయీ జపాను అమ్మాయీ తెర మీద చూసుకుంటూ మాట్లాడుకునే దృశ్యం పెట్టారు. 2006లో నేను చూసినప్పుడే అది మా వెబ్‌క్యామ్ ముందు వెలవెలపోయింది. అప్పటికి రోజూ రాత్రి నేను అమ్మావాళ్ళతో అలాగే మాట్లాడుతున్నాను మరి. దాన్ని పీకేసి కార్టూను పెట్టారు. ఇప్పుడదీ పాతబడింది. ఈజిప్టు, రోము, సన్యాసి, గుటెన్‌బర్గ్ మాత్రం ఇంచుమించు మొదటి రోజు నుంచీ అక్కడే కూర్చుని ఉన్నారు. "మన బొమ్మల కొలువే కదే ఇది. పైమెట్ల మీద నానమ్మ ఇచ్చిన బొమ్మలు, కింద మెట్టు మీద ఆ ఏడు కొన్న ప్లాస్టిక్‌వి" అంది అమ్మ బయటికొస్తూ.

నాన్న ధ్యాసంతా వేరే. ఖర్చెవడు పెట్టాడని. మొదట పోషించింది అమెరికా టెలిఫోన్ కంపెనీ బెల్ సిస్టమ్ అని చెప్పగానే ఆయన కళ్ళు పెద్దవయ్యాయి. పార్కు తెరిచిన ఏడాదే బెల్‌ని ముక్కలు చేసే ఒప్పందం కుదిరింది, 1984 జనవరి 1 నుంచి అమలయింది. ఆనాడు తమ యూనియన్ మీటింగుల్లో దాని గురించి గంటలకొద్దీ వాదించుకున్నారట. ఆ తర్వాత ఏటీ అండ్ టీ 2003 దాకా, 2005 నుంచి 2017 వరకూ జర్మన్ కంపెనీ సీమెన్స్. అప్పట్నుంచీ బయటి పోషకులెవరూ లేరు. "టెలిఫోన్ కంపెనీ డబ్బిస్తే టెలిఫోన్‌ దగ్గరకొచ్చేసరికి కథ బలంగానే ఉంటుంది మరి" అన్నారు. స్పాన్సర్ల అతిథుల కోసం లోపల ఒక గది ఉండేది. 2025లో దాన్ని పెద్దవాళ్ళకు మాత్రమే ప్రవేశం ఉన్న బారుగా మార్చారు. ఆ ముక్క నాన్నకి చెప్పలేదు, పక్కన అమ్మ ఉంది.

2019లో డిస్నీవాళ్ళు ఈ బండిని ఆపి, కథంతా కొత్తగా అల్లుతామని ప్రకటించారు. 2020లో కరోనా వచ్చి ఆ పని అటకెక్కింది. బయట మాత్రం గోళానికి కొత్త దీపాలొచ్చాయి. చీకటి పడ్డాక త్రికోణాల కొసల్లో వెలుగులు పరుగెడుతుంటే నిజంగా అద్భుతంగా ఉంటుంది. కథ మార్చకుండా పైతొడుగుకి నగలు పెట్టడం తేలిక. నన్నడిగితే ఎక్కే దారిని ముట్టుకోకూడదు. బొమ్మల చర్మం బాగుచేసి, యంత్రాలకు నూనె పెట్టి, బాగ్దాదు దగ్గర ఒక్క వాక్యం కలిపితే చాలు. డబ్బంతా దిగే దారి మీద పెట్టాలి. ఆ ఖాళీ చీకటి గోడల మీద తర్వాతి యాభై ఏళ్ళ చరిత్ర పడుతుంది, పెట్టాలనుకుంటే.

వెళ్ళేవాళ్ళకి ఒక మాట. గేటు ఎదురుగానే ఉందని పొద్దున్నే అందరూ ఇక్కడే వరస కడతారు. దీన్ని సాయంత్రానికి అట్టేపెట్టి, ముందు లోపలికి పోండి. చీకటి పడేసరికి ఇక్కడ వరస పలచబడుతుంది. మేం అలాగే రాత్రి మళ్ళీ వస్తే నేరుగా నడిచి ఎక్కేశాం. ఈసారి ముందు సీటు అమ్మకిచ్చారు నాన్న. రోము దగ్గర ఆవిడ ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుని సిద్ధంగా కూర్చుంది.