ముప్పై సెకన్ల పూతరేకు

ఆదివారం, రాత్రి పదకొండు దాటింది

రేపు మొదటి పీరియడ్‌లో యాడ్ ఇచ్చేయాలి. ఫోన్‌లో ఎక్స్‌పోర్ట్ అవుతోంది. ఆ గీత ముందుకు కదలదు, నాకు నిద్ర రాదు. అందుకే డైరీ తీశాను.

ప్రాజెక్టు వినడానికి సులువుగానే ఉంటుంది. గోదావరి జిల్లాల్లో తయారయ్యేదో, పండేదో ఒకటి తీసుకుని దాని మీద 30 సెకన్ల ప్రకటన చేయాలి. నలుగురికో గ్రూపు. కథ, షాట్ల పట్టిక, షూటింగ్, ఎడిటింగ్ అన్నీ మనమే చూసుకోవాలి. కడియం నర్సరీలను ఒక గ్రూపు ముందే పట్టుకుపోయింది, ఉప్పాడ చీర ఇంకో గ్రూపుకి వెళ్లింది. మేం ఆత్రేయపురం పూతరేకులు తీసుకున్నాం. మాలో ఒకడి మేనత్త అక్కడే రేకులు తీస్తారు. "లొకేషన్ ఫ్రీ, ఆర్టిస్టు ఫ్రీ, షూటింగ్ అయ్యాక సామాను తినేయొచ్చు" అన్నాడు వాడు. ఇంక దానికి ఎదురు చెప్పేదెవరు?

మేం మొదట రాసుకున్న స్క్రిప్టులో "ప్రపంచంలోనే నంబర్ వన్ స్వీట్" అని ఉంది. మేడమ్ దాని కింద ఎర్రగీత కొట్టి, "ఎవరు లెక్కపెట్టారు?" అని పక్కన రాశారు. తర్వాత క్లాసులో దాని గురించే చాలాసేపు చెప్పారు. ప్రకటనల బాగోగులు చూడడానికి ఆస్కీ అనే సంస్థ 1985 నుంచే ఉందట. జనాన్ని తప్పుదోవ పట్టించే ప్రకటనల మీద 2022లో కేంద్రం మార్గదర్శకాలు కూడా తెచ్చిందట. నంబర్ వన్ అన్నావంటే ఆధారం చూపించాల్సిందే. సరే అని పొగడ్తలన్నీ కొట్టేసుకుంటూ పోతే స్క్రిప్టులో "ఆత్రేయపురం" అనే మాట, ఒక ఫుల్‌స్టాప్ మిగిలాయి. 2023లో పూతరేకులకి జీఐ గుర్తింపు (ఫలానా ఊరి సరుకని చెప్పే భౌగోళిక గుర్తింపు) వచ్చింది కదా, దానికి మాత్రం కాగితం ఉంది. చివరి మూడు సెకన్లలో అక్షరాలుగా అది వేద్దామనుకున్నాం. మిగతాదంతా చూపించే చెప్పాలి.

పొద్దున్నే బయల్దేరాం. నాన్న బండి మీద నేను, ఇంకో అమ్మాయి. వాడి బాబాయి బండి మీద మిగతా ఇద్దరు. ధవళేశ్వరం బ్యారేజీ మీద ఆగి ఒక షాట్ తీద్దామని మా కెమెరామన్ గొడవ. పూతరేకుల యాడ్‌లో బ్యారేజీ ఎందుకురా అంటే "ఓపెనింగ్ గ్రాండ్‌గా ఉంటుంది" అంటాడు. ముప్పై సెకన్లలో గ్రాండ్‌కి చోటెక్కడ? ఆగలేదు. బొబ్బర్లంక మీదుగా నేరుగా వెళ్లిపోయాం.

అత్తగారు అప్పటికే పనిలో ఉన్నారు. బోర్లించిన కుండ, దాని కింద ఎండు కొబ్బరాకుల మంట, పక్కన గిన్నెలో పల్చటి బియ్యప్పిండి నీళ్లు. గుడ్డ ముంచడం, కుండ మీద ఇలా పరిచి అలా లాగడం, రేకు లేచి వచ్చేయడం. మేం ఫోన్ స్టాండ్ విప్పేలోపే పక్కన రేకుల దొంతర పెరిగిపోయింది.

"అత్తా, కొంచెం నెమ్మదిగా తీస్తారా, కెమెరాకి అందట్లేదు" అన్నాను.

"నెమ్మదిగా తీస్తే అది రేకవదమ్మా, అట్టవుద్ది" అన్నారావిడ, చెయ్యి ఆపకుండానే.

సరే, మనమే నెమ్మదిగా తీద్దామని స్లో మోషన్ పెట్టాం. సెకనుకి 120 ఫ్రేములు. దానికి వెలుతురు బాగా కావాలి, ఆ వంటింట్లోనేమో ఒకటే ట్యూబ్‌లైటు. అది వేస్తే వీడియో అంతా మినుకుమినుకుమంటుంది. మన కరెంటు 50 హెర్ట్‌జ్ కాబట్టి పాత రకం ట్యూబ్‌లైటు సెకనుకి వందసార్లు వెలిగి తగ్గుతుంటుంది. మన కంటికి తెలియదు గానీ 120 ఫ్రేముల కెమెరాకి తెలిసిపోతుంది. ఫిజిక్స్‌లో చదివినది ఒకసారైనా పనికొచ్చింది, ఆ సార్‌కి చెప్పాలి. ట్యూబ్‌లైటు ఆపేసి పెరటి తలుపు బార్లా తెరిచాం.

అసలు తలనొప్పి తర్వాత మొదలైంది. రేకు కనబడదు! తెల్లగోడ ముందు అత్తగారు రేకు పైకెత్తి పట్టుకుంటే, వీడియోలో ఆవిడ ఉత్త చేతులు ఎత్తినట్టుంది. అంత పల్చన. గోడకి నా నల్ల చున్నీ వేలాడదీశాం, కొంచెం నయం. చివరికి కెమెరామనే కనిపెట్టాడు: వెలుతురు మన వెనక నుంచి కాదు, రేకు వెనక నుంచి రావాలి. అత్తగారిని పెరటి తలుపుకి అడ్డంగా కూర్చోబెట్టి, ఎండ రేకు వెనక నుంచి ఏటవాలుగా పడేలా చూసి, చున్నీని ఫ్రేములో ఎండ పడని మూలకి జరిపాం. అప్పుడు కనబడింది. అంచులు మెరుస్తూ, గుడ్డ నేత అచ్చు దాని మీద పడి, అవతలి ఆవిడ వేళ్లు మసగ్గా కనబడుతూ. బ్యారేజీ మాట ఇంకెవరూ ఎత్తలేదు.

ఆవిడ ముఖం తియ్యొద్దన్నారు. "చేతులు తీసుకోండి చాలు, నిన్న రాత్రి నిద్ర లేదు" అన్నారు. అదీ మంచిదే అయింది. నటించమంటే ఏ చెయ్యీ అలా నటించదు.

నెయ్యి, బెల్లం పొడి, జీడిపప్పు వేసి చుట్టాక క్లోజప్ కోసం పైన కూడా బ్రష్‌తో కాస్త నెయ్యి రాశాం, మెరవడానికి. దీని మీద చర్చ రాలేదు, లోపలున్నదీ నెయ్యే కదా. చర్చంతా సాయంత్రం మా ఇంట్లో ఎడిటింగ్ దగ్గర వచ్చింది.

కొరికే షాట్‌కి శబ్దం లేదు. మాలో ఎడిటింగ్ వచ్చినవాడు వంటింట్లోకెళ్లి అమ్మనడిగి వేయించిన అప్పడం తెచ్చాడు. మైకు దగ్గర పెట్టి విరిచాడు. ఆ శబ్దం షాట్ కింద పెడితే, నిజం చెప్పాలంటే, అదిరిపోయింది. టీవీలో వచ్చే యాడ్‌లాగే ఉంది. ఇద్దరు ఉంచుదామన్నారు, ఇద్దరం వద్దన్నాం. వాడి వాదన, అన్ని యాడ్లలోనూ శబ్దాలు విడిగానే చేస్తారని. అది నాకూ తెలుసు. కానీ విడిగా చేయడం వేరు, లేని గుణం అంటగట్టడం వేరు. నేతిలో నానిన పూతరేకు నోట్లో కరిగిపోతుంది, కరకరలాడదు. ఆ శబ్దం విని కొన్నవాడు ఏమనుకుంటాడు? గొంతులు పెరిగాయి, అమ్మ వచ్చి తలుపు మూసి వెళ్లింది. చివరికి స్పీకర్ పెట్టి అత్తగారికే ఫోన్ చేశాం.

"కరకరలాడేదైతే పూతరేకెందుకు, చేగోడీ కొనుక్కుంటారు" అన్నారావిడ.

అప్పడం వాడే తినేశాడు.

దాని బదులు, తడిగుడ్డ కాలిన కుండని తాకినప్పుడు వచ్చే "సుయ్" మొదట్లో పెట్టాం. కొరికే షాట్ కింద ఏమీ లేదు, సంగీతం కూడా ఆపేశాం. మాటలు నలభై దాకా ఉంటాయి, నా గొంతే. జలుబు చేసిన గొంతులా ఉందని అన్నయ్య అంటున్నాడు, వాడికి నచ్చినవి ఈ ఇంట్లో ఏవీ లేవు కాబట్టి పట్టించుకోను.

ఎక్స్‌పోర్ట్ అయింది. 30 సెకన్ల మీద ఇంకో అరసెకను చూపిస్తోంది. మేడమ్ స్టాప్‌వాచ్ పట్టుకుని కూర్చుంటారు, మార్కు పోతుంది. జీడిపప్పు షాట్‌లో కోసేస్తాను, అది ఎలాగూ కెమెరామన్ మోజు కొద్దీ ఉన్నదే. వాట్సాప్‌లో పంపితే క్వాలిటీ పోతుంది, పెన్‌డ్రైవ్‌లో వేసుకోవాలి. కడియం వాళ్లు డ్రోన్ షాట్ పెట్టారట, రేపు చూడాలి.