మెట్ట నేలలో వందల చెట్లు పెంచిన నా అనుభవం

మా భూమి చూడ్డానికి వచ్చినవాళ్లు ముందుగా అడిగే మాట, "ఏ మొక్కలు నాటారు?" అని. నేను వాళ్లను మొక్కల దగ్గరికి కాకుండా పైన వాలు మొదలయ్యే చోటికి తీసుకెళ్తాను. వానలు తక్కువ పడే నేలలో చెట్టు బతుకుతుందా లేదా అన్నది చాలావరకు అక్కడే తేలిపోతుంది.

ఒక చిన్న లెక్క ఉంది. చదరపు మీటరు నేల మీద ఒక మిల్లీమీటరు వాన పడితే అది ఒక లీటరు నీళ్లు. ఏడాదికి 500 మిల్లీమీటర్ల వాన పడే చోట ఒక్క ఎకరం మీదే దాదాపు 20 లక్షల లీటర్లు పడతాయి. ఈ లెక్క వేసుకున్నాకే నాకు ధైర్యం వచ్చింది. గట్టిపడిపోయిన నేల మీద నాలుగు పెద్ద వానలు దంచి కొడతాయి, నీళ్లలో చాలా భాగం పైమట్టిని కూడా ఈడ్చుకుని పల్లానికి పోతుంది, తడిసిన ఆ కాస్తా ఎండకు ఆరిపోతుంది. పోయే నీటిని ఆపగలిగితే చాలా చెట్లకు సరిపోయే నీళ్లు పైనుంచే వస్తున్నాయి.

అందుకే మొదటి ఏడాది మొక్కల జోలికి పోలేదు. వాన పడుతున్నప్పుడే గొడుగు వేసుకుని భూమంతా తిరిగేదాన్ని. నీళ్లు ఎక్కడ చీలుతున్నాయో, ఎక్కడ ఉరుకుతున్నాయో, ఎక్కడ మడుగు కడుతున్నాయో చూసి అక్కడక్కడా పుల్లలు పాతాను. ఎండాకాలంలో తిరిగితే ఇవేవీ కనపడవు. ఆ తర్వాత సమ ఎత్తు గీతలు, అంటే వాలు మీద ఒకే ఎత్తులో ఉన్న చోట్లను కలిపే గీతలు, గుర్తించే పని. దానికి పెద్ద పరికరాలు అక్కర్లేదు. రెండు పొడుగు కర్రలను పైన కలిపి, మధ్యలో అడ్డకర్ర కట్టి, పైనుంచి ఒక రాయిని తాడుతో వేలాడదీస్తే చాలు. తాడు అడ్డకర్ర నడిమి గుర్తు మీద నిలిస్తే రెండు కాళ్లూ ఒకే ఎత్తులో ఉన్నట్టు. అలా కాలు మార్చుకుంటూ వాలుకు అడ్డంగా పోతే గీత వంకర్లు తిరుగుతూ వస్తుంది. ఆ వంకర్లను సరిచేయాలని చూడకూడదు, నేల ఆకారమే అది.

ఆ గీతల వెంట కందకాలు తవ్వి, తీసిన మట్టిని కింది వైపు గట్టుగా పోశాం. ఒకటే పొడుగు కందకం కాకుండా ముక్కలు ముక్కలుగా, పై వరసలో ఖాళీ వదిలిన చోట కింది వరసలో కందకం వచ్చేలా తవ్వాం. ఎక్కడైనా ఒక గట్టు తెగినా నీళ్లు కింది కందకంలో ఆగుతాయి. నిండాక పొర్లడానికి రాళ్లు పేర్చిన దారి కూడా వదలాలి, లేకపోతే పెద్ద వానకు గట్టే కొట్టుకుపోతుంది.

ఇదంతా జరుగుతున్నప్పుడే, మేకలు కాసుకుంటూ అటు వచ్చిన ఒక పెద్దాయన, పొదను పెకలించబోతున్న మనిషిని ఆపి నాతో అన్నాడు: "అది పీకించకమ్మా, కింద వేరు ముసలిది." వంగి మట్టి పక్కకు తోస్తే నిజంగానే నా మోచేతి కంటే లావు మోడు ఉంది. ఎప్పుడో నరికిన చెట్టు. ఏటా చిగురేస్తోంది, ఏటా మేకలు కొరికేస్తున్నాయి, అందుకని పొదలా కనిపిస్తోంది. భూమంతా వెతికితే అలాంటివి ఎన్నో దొరికాయి.

ఇదే సంగతి టోనీ రినాడో అనే ఆస్ట్రేలియా వ్యవసాయ నిపుణుడు 1983లో ఆఫ్రికాలోని నైజర్ దేశంలో గమనించాడు. అక్కడ నాటిన మొక్కలు చాలావరకు ఎండిపోతుంటే, పొలాల్లో పొదలనుకున్నవి నరికిన చెట్ల పిలకలని గుర్తించాడు. రైతులు వాటిని కాపాడటం మొదలుపెట్టాక, ఆ దేశంలో దాదాపు 50 లక్షల హెక్టార్లలో చెట్లు తిరిగొచ్చాయి. పని చాలా తేలిక. మోడు నుంచి వచ్చిన పిలకల్లో నిటారుగా, బలంగా ఉన్నవి మూడో నాలుగో ఉంచి మిగతావి మొదలంటా కోసేయాలి. ఉంచిన వాటికి కింది సగం వరకు పక్క కొమ్మలు తీసేయాలి. చుట్టూ ముళ్లకంప పెట్టాలి. పాత వేరు అప్పటికే లోతుకు పోయి ఉంటుంది కాబట్టి, నీళ్లు పొయ్యకుండానే ఈ పిలకలు నేను నాటిన మొక్కలకు అందనంత ఎత్తుకు పోయాయి. నన్నడిగితే, ఒక్క గుంత తవ్వే ముందు బతికున్న మోళ్లన్నీ వెతికి వాటికి రంగు గుడ్డ కట్టండి.

ఇక నాటడం. గింజ నుంచి నేరుగా రాగలిగిన వాటిని గింజగానే పెట్టడం నాకు ఇష్టం. తల్లివేరు ఎక్కడా వంగకుండా నేరుగా కిందికి దిగుతుంది. తుమ్మ జాతుల గింజల పెంకు గట్టిది, మరిగిన నీళ్లు పోసి రాత్రంతా అలాగే వదిలేస్తే ఉబ్బుతాయి. ఉబ్బనివాటికి మళ్లీ అదే పని. వేప గింజ దీనికి పూర్తిగా వ్యతిరేకం, పండు రాలిన కొన్ని వారాల్లోనే మొలిచే శక్తి పోతుంది, ఏరిన వెంటనే వేసేయాలి. జమ్మి, రేగు, కానుగ, చింత, సీతాఫలం మాకు బాగా నిలబడ్డాయి. సర్కారు తుమ్మ త్వరగా పెరుగుతుందని కొందరు చెప్పారు. నేను దాన్ని దగ్గరికి రానివ్వలేదు. అమెరికా ఖండాల నుంచి వచ్చిన ఆ చెట్టు ఎన్నో దేశాల మెట్ట భూముల్లో అదుపు లేకుండా అల్లుకుపోయింది.

సంచి మొక్కలు కొనేటప్పుడు మాత్రం పొడుగు చూసి మోసపోవద్దు. మొదటి ఎండాకాలంలో మాకు చాలా మొక్కలు పోయాయి. చచ్చినవాటిని ఊరికే పీకి పారేయకుండా జాగ్రత్తగా తవ్వి చూశాను. నడుమెత్తు మొక్క వేరు ఇంకా సంచి ఆకారంలోనే, గుండ్రంగా చుట్టుకుని ఉంది. చుట్టూ తడి మట్టి ఉన్నా అందులోకి ఒక్క పీచు కూడా పోలేదు. దాని పక్కనే జానెడు మొక్క బతికింది. అప్పటి నుంచి చిన్న మొక్కలే తెస్తున్నాను, సంచి చింపి అడుగున చుట్టుకున్న వేర్లు ఉంటే కత్తిరించాకే నాటుతున్నాను.

గుంతల విషయంలో నాకు దారి చూపింది పశ్చిమ ఆఫ్రికాలోని బుర్కినా ఫాసో దేశపు రైతు యాకూబా సవడోగో పని. 1980ల నాటి కరువుల్లో, రాయిలా మారిన నేలలో అక్కడి పాత పద్ధతిలో చిన్న గుంతలు తవ్వి ఎరువు వేసి, చివరికి పదుల హెక్టార్ల అడవిని పెంచాడాయన. 2018లో ఆయనకూ, రినాడోకూ ప్రత్యామ్నాయ నోబెల్ అని పిలిచే రైట్ లైవ్లీహుడ్ అవార్డు వచ్చింది. ఆ గుంతల్ని అక్కడ జాయి అంటారు. ఎండాకాలంలోనే తవ్వి పేడ ఎరువు వేస్తారు. దాని కోసం చెదలు వచ్చి నేలంతా బొరియలు చేస్తాయి, వాన నీళ్లు ఆ బొరియల్లోంచి లోపలికి దిగుతాయి. చెద పురుగంటే మందు చల్లడమే తెలిసిన నాకు ఇది కొత్త సంగతి. మా దగ్గరా వాలుకు అడ్డంగా అర్ధచంద్రాకారంలో చిన్న గట్టు వేసి, దాని ఒడిలో గుంత తీశాం. మొదటి వానకే నాటలేదు. గుంత బాగా నాని, జానెడు లోతున మట్టి పిడికిట్లో ముద్ద కట్టాకే నాటాం.

తర్వాత పెద్ద పని గడ్డి. మొక్క చుట్టూ మూడడుగుల మేర గడ్డి పెరగనిస్తే మీరు పోసిన నీళ్లన్నీ దానికే పోతాయి. కోసిన గడ్డినే పాదులో మందంగా పరిచేశాం, కాండానికి నాలుగు వేళ్ల దూరం వదిలి. మండుటెండలో ఆ గడ్డి కింద చెయ్యి పెట్టి చూస్తే మట్టి చల్లగా, నల్లగా ఉండేది. పక్కనే ఖాళీ నేల మీద చెయ్యి ఆనించలేకపోయేదాన్ని.

మొదటి రెండు వేసవుల్లో నీళ్లు పొయ్యక తప్పదు. రోజూ చెంబెడు పోస్తే వేర్లు పైపైనే ఉండిపోతాయి. అరుదుగా, లోతుగా పొయ్యాలి. పక్కలకు చిల్లులు పెట్టిన ప్లాస్టిక్ పైపు ముక్కను మోకాలి లోతున నిలువుగా పాతి అందులో పోశాం. కొన్ని చోట్ల మూతి మాత్రం పైకి కనిపించేలా మట్టి కుండలు పాతాం. కుండ గోడల్లోంచి నీళ్లు మెల్లగా ఊరతాయి. చైనాలో రెండు వేల ఏళ్ల కిందటే రాసిపెట్టిన పద్ధతి ఇది. రెండో వేసవిలో తడికీ తడికీ మధ్య వ్యవధి పెంచుతూ పోయాం. మధ్యాహ్నం ఆకులు వాలినా సాయంత్రానికి తేరుకుంటే నీళ్లు పొయ్యలేదు.

పశువుల సంగతి కంచెతో మాత్రమే తెమలదు. మేకల కాపరులతో మాట్లాడుకుని, లోపల మేపడానికి వీల్లేదని, గడ్డి కోసుకుని పోవచ్చని ఒప్పందం చేసుకున్నాం. వాళ్లకు మేత దొరికింది, మాకు వేసవికి ముందే ఎండుగడ్డి తగ్గింది. నిప్పు భయంతో హద్దు చుట్టూ నాలుగు మీటర్ల పట్టీ ఏటా శుభ్రంగా చెక్కేస్తాం.

ఇప్పుడు మొదటి వరసల్లో కొమ్మలు ఒకదానికొకటి తగులుతున్నాయి. నాలుగు మీటర్ల దూరంతో నాటితే ఎకరానికి 250 చెట్లు పడతాయి గానీ, అన్నీ పెద్దవైతే ఇక్కడి వాన అన్నిటికీ చాలదు. అందుకే బలహీనంగా ఉన్నవాటిని ఎంచి నరికిస్తున్నాను. చేత్తో నీళ్లు పోసి పెంచినవాటిని కొట్టించడం కష్టంగానే ఉంది. వాటి కొమ్మలను ముక్కలు చేసి, గడ్డి పల్చబడిన పాదుల్లో పరిపిస్తున్నాం. నరికిన మొదళ్లు మాత్రం తవ్వించడం లేదు.