ఐదు కళాశాలలు పంచుకున్న పాలెస్ట్రా

విజయవాడలో మేము బాస్కెట్‌బాల్ ఆడిన రోజుల్లో మా కళాశాల కోర్టు ఆరుబయట వేసిన సిమెంటు నేల. ఎండాకాలంలో సాయంత్రం అయిదు దాటితే గానీ దాని మీద కాలు పెట్టే వీలుండేది కాదు. అంతర కళాశాలల పోటీలు జరిగినప్పుడు జనం గీత అంచునే నిలబడేవారు కనుక, పక్క గీత వెనుక నుంచి బంతిని లోపలికి విసరవలసి వస్తే ముందుగా "కాస్త జరగండి బాబూ" అని వారిని బతిమాలుకునేవాళ్లం. కిందటి శీతకాలం మా అబ్బాయిని చూడడానికి ఫిలడెల్ఫియా వెళ్లినప్పుడు, పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలోని పాలెస్ట్రా అనే బాస్కెట్‌బాల్ భవనంలో కూర్చున్న నాకు మొట్టమొదట గుర్తుకు వచ్చినది ఆ బతిమాలుకోవడమే.

బయటి నుంచి చూస్తే అది పాతకాలపు ఇటుక కట్టడం. అమెరికావారు దీనిని కళాశాల బాస్కెట్‌బాల్‌కు కెథెడ్రల్, అంటే ప్రధాన చర్చి, అని పిలుస్తారని మా అబ్బాయి చెబితే, లోపలికి వెళ్లేదాకా నేను నమ్మలేదు. లోపల ఎక్కడా ఒక్క స్తంభం లేదు. ఉక్కు కమానులే కప్పు మొత్తాన్ని మోస్తున్నాయి కనుక ఎనిమిది వేల ఏడు వందలకు పైగా ఉన్న స్థానాలలో ఎక్కడ కూర్చున్నా ఆట చూడడానికి ఏదీ అడ్డు రాదు. వాస్తుశిల్పి చార్లెస్ క్లాడర్. ప్రాచీన గ్రీకులు మల్లయుద్ధం అభ్యసించే చోటుకు ఉన్న పేరును ఈ భవనానికి సూచించినవారు అక్కడి గ్రీకు ఆచార్యుడు విలియం బేట్స్. 1927 జనవరి 1న జరిగిన తొలి ఆటలో ఈ విశ్వవిద్యాలయపు జట్టు, అంటే పెన్, యేల్ జట్టును 26-15తో ఓడించింది. నేటి కళాశాల జట్లు సాధారణంగా ఆట సగమైనా కాకముందే ఆ 26 పాయింట్లు చేసేస్తున్నాయి. 1939లో జాతీయ కళాశాలల టోర్నమెంటు పుట్టినప్పుడు దాని మొదటి ఆట కూడా ఈ నేల మీదే జరిగింది. అందులో విల్లనోవా 42-30తో బ్రౌన్ మీద గెలిచింది.

అయితే ఈ భవనం గొప్పతనం ఈ తేదీలలో ఉందని నేను అనుకోను. 1950ల మధ్యలో పెన్, టెంపుల్, లసాల్, సెయింట్ జోసెఫ్స్, విల్లనోవా అనే ఐదు కళాశాలలు బిగ్ ఫైవ్ పేరుతో ఒక ఒప్పందానికి వచ్చి, తమలో తాము ఆడే ఆటలన్నీ ఇక్కడే ఆడాలనీ, వచ్చిన రాబడిని సమానంగా పంచుకోవాలనీ నిర్ణయించుకున్నాయి. ఒకే ఊళ్లో ఉంటూ ఒకరినొకరు ఓడించడానికే తపించే ఐదు జట్లకు ఒకదాని ఇల్లే అందరి ఇల్లు కావడం మామూలు విషయం కాదు. ఒకే సాయంత్రం ఒకే టికెట్టు మీద రెండు ఆటలు చూపించేవారు. ఎదుటి కళాశాలను ఎగతాళి చేసే రాతలతో పొడవాటి గుడ్డలను విద్యార్థులు తలల మీదుగా పరిచేవారు. తమ జట్టు మొదటి బాస్కెట్ వేయగానే రంగు కాగితపు చుట్టలను కోర్టులోకి విసిరేవారు. గాంధీనగర్ సినిమా హాళ్లలో హీరో తెర మీదికి రాగానే కాగితం ముక్కలు ఎగరేసిన మనకు ఆ సంబరాన్ని ఎవరూ వివరించనక్కరలేదు. తర్వాత నిబంధనలు మారి, అలా విసిరితే జట్టుకు శిక్షగా టెక్నికల్ ఫౌల్ ఇవ్వడం మొదలుపెట్టాక ఆ ముచ్చట తీరిపోయింది.

1980లలో ఆ ఒప్పందం సడలి, ఎవరి ఆట వారి ఆవరణలోకి పోయింది. 2023లో డ్రెక్సెల్‌ను ఆరవ జట్టుగా చేర్చుకుని మళ్లీ అందరూ ఒకచోట ఆడారు గానీ, అది ఇక్కడ కాదు, ఇంతకు రెండింతలకు పైగా జనం పట్టే వెల్స్ ఫార్గో సెంటర్‌లో. లెక్కల ప్రకారం అది సబబే కావచ్చు, నాకు మాత్రం నచ్చలేదు.

తిరిగి వచ్చాక సత్యనారాయణపురంలో మా పీడీ మాస్టారి ఇంటికి వెళ్లి ఇదంతా చెప్పాను. ఆయనకు ఎనభై దాటాయి. బాస్కెట్‌బాల్ దిగ్గజాలు విల్ట్ చాంబర్లెయిన్, కోబీ బ్రయంట్ పాఠశాల కుర్రాళ్లుగా ఆడిన నేల అన్నా ఆయన పెద్దగా కదలలేదు. ఐదు కళాశాలలు రాబడి సమానంగా పంచుకున్నాయన్నప్పుడు మాత్రం కళ్లజోడు తీసి, "టోర్నమెంటుకు టీ ఖర్చు పంచుకోవడానికే మేము మూడు మీటింగులు పెట్టామురా" అన్నారు. ఆ తర్వాత మొదటి వరుసకూ గీతకూ మధ్య ఎంత జాగా ఉందని అడిగారు. చేతులతో కొలిచి చూపించాను.

"మరి బంతి లోపలికి ఎలా విసురుతారు?"

"జనం కాళ్లు ముడుచుకుంటారండీ."

"అడగకుండానేనా?" అన్నారు మాస్టారు.