నాలుగు డైలాగుల పాత్ర

రాత్రి రెండింటికి మెలకువ వచ్చి చూస్తే హాల్లో లైటు వెలుగుతోంది. తమ్ముడు అద్దం ముందు కూర్చుని చొక్కా గుండీ పెట్టుకుంటున్నాడు. వేళ్లు వణుకుతున్నాయి. గుండీ కాజా దాకా వచ్చి జారిపోతోంది. మళ్లీ మొదలుపెడుతున్నాడు. నా గుండె ఆగినంత పనైంది. "ఏమైందిరా?" అంటే, "ఏం లేదక్కా, ముసలాయన చెయ్యి ఇంకా కుదరట్లేదు" అన్నాడు.

వచ్చే వారం వాడి నాటకం. డెబ్బై ఏళ్ల తండ్రి పాత్ర, మొత్తం నాలుగే డైలాగులు. వాడికేమో ఇరవై రెండేళ్లు.

పక్కన కూర్చున్నాను. వణుకును నటించకూడదట. ముసలాయన వణకాలని అనుకోడు కదా, ఎలాగైనా గుండీ పెట్టుకోవాలనే చూస్తాడు. ఆ ప్రయత్నం దొరికితే వణుకు దానంతటదే వస్తుందట. నాట్యశాస్త్రం రాసిన భరతుడు చెప్పిన ఎనిమిది సాత్త్విక భావాల్లో, అంటే మనసులోని భావానికి ఒంట్లో కనిపించే మార్పుల్లో, వణుకు కూడా ఒకటని, దాని పేరు వేపథువని చెప్పాడు. 'ఈ పరిస్థితిలో నేనే ఉంటే?' అని నటుడు తనను తాను అడగాలన్న రష్యన్ నాటక దర్శకుడు స్తానిస్లావ్‌స్కీ మాట కూడా వాడి నోటే విన్నాను.

నిజం చెప్పాలంటే నాకు టెన్షన్‌గానే ఉంది. వాడికి సరిగ్గా నిద్ర లేదు, తిండి ధ్యాస లేదు, పిలిస్తే ఒక్కోసారి పలకడు. కోప్పడదామనే వచ్చాను. ఆ ముఖంలో వెలుగు చూశాక నోరు రాలేదు.

చివరికి గుండీ పట్టింది. తలెత్తి నన్ను చూసి, మొదటిసారి సైకిల్ తొక్కిన రోజు నవ్వినట్టే నవ్వాడు. వెంటనే గుండీ విప్పేసి మళ్లీ మొదలుపెట్టాడు. లైటు ఆపకుండానే వచ్చి పడుకున్నాను.