టీబీ మందు ఉచితం, ఇంటర్ సంవత్సరం కాదు

ఇంటర్ సెకండియర్‌లో నాకు ఊపిరితిత్తుల టీబీ వచ్చింది, పూర్తిగా తగ్గింది. మందు గురించి పెద్దగా వాదించేదేమీ లేదు. మామూలు టీబీకి ఆరు నెలలు మానకుండా వేసుకుంటే పనిచేస్తుంది, సర్కారు ఆసుపత్రిలో పైసా తీసుకోరు. నేను చెప్పదలుచుకున్నది మందు చుట్టూ ఉండే వాటి గురించి: హాస్టల్ గది, పళ్లెంలో అన్నం, నాన్న కూలి, బోర్డు పరీక్షల తేదీలు.

టీబీ క్రిమి గాలిలో వస్తుంది. అది ఒంట్లో చేరిన వాళ్లందరికీ జబ్బు రాదు. వందమందిలో ఐదు నుంచి పదిమందికే, అదీ జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు, జబ్బుగా బయటపడుతుంది. ఆ పదిమంది ఎవరన్నది చాలావరకు తిండీ, ఒంట్లో ఉన్న వేరే జబ్బులూ తేలుస్తాయి. అసలు క్రిమి ఎంతమందికి చేరాలో గది తేలుస్తుంది. మా హాస్టల్‌లో గదికి పది మంచాలు. దోమలొస్తాయని పొద్దుగూకగానే కిటికీలు మూసేసేవాళ్లు. తెల్లారుజామున ఐదింటికి మొదటి స్టడీ అవర్, రాత్రి పదిన్నరకి ఆఖరిది. ఎండా గాలీ తగిలేది భోజనాల లైన్లో నిలబడ్డప్పుడే. గుడ్డు వారానికి రెండుసార్లు, మిగతా రోజులు పలచటి పప్పుచారు. గదికి ఎదురెదురుగా రెండు కిటికీలు తెరిచి ఉంచితే గాలితోపాటు క్రిములూ బయటికి పోతాయి. దోమతెర కొట్టించడం పెద్ద ఖర్చేం కాదు. ఫీజు రసీదులో హాస్టల్ మెయింటెనెన్స్ అని ఒక గడి ఉంటుంది మరి, అదెందుకో.

మాది మార్కాపురం దగ్గర పల్లె. నాన్న పలకల ఫ్యాక్టరీలో రాయి కోస్తాడు. ఆ దుమ్ములో సిలికా ఉంటుంది, అది పేరుకున్న ఊపిరితిత్తులు టీబీకి తొందరగా లొంగుతాయి. అందుకే ఇంటిల్లిపాదికీ పరీక్షలు చేసినప్పుడు నాన్నకి ఎక్స్‌రే తప్పనిసరిగా తీయించాలని డాక్టరు పట్టుబట్టారు. టీబీ లేదని తేలింది. ఎవరికీ జబ్బు లేకపోయినా అంతటితో వదిలెయ్యరు. రోగితో ఒకే ఇంట్లో ఉన్నవాళ్లకి రాకుండా ముందుజాగ్రత్త మాత్రలిస్తారు. వాటినీ అడిగి తీసుకోవాలి.

రెండు వారాలు దాటిన దగ్గు, సాయంత్రం పూట సన్నటి జ్వరం, రాత్రి చెమటలు, బరువు తగ్గడం. వీటిలో ఏ ఒక్కటున్నా కళ్ళె పరీక్ష చేయించుకోవాలి. హాస్టల్ పిల్లల్లో ఇక్కడే ఆలస్యం అవుతుంది. ఔటింగ్ నెలకోసారి, ఆసుపత్రికి వెళ్తే వీక్లీ టెస్ట్ పోతుంది, బరువు తగ్గితే ‘బాగా చదువుతోంది’ అనుకుంటారు. వీధి చివర ఆర్ఎంపీ ముందు సిరప్ ఇచ్చాడు, తర్వాత లీవోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్. ఆ మందు టీబీ క్రిమి మీద కూడా కొంత పనిచేస్తుంది. అందుకే నాలుగు రోజులు తగ్గినట్టుండి మళ్లీ మొదలవుతుంది. అలా అరకొరగా తగిలిన క్రిమి పరీక్షలో దొరక్కుండా దాక్కోవచ్చు, ఆ మందుకి మొండికేయనూ వచ్చు. మామూలు మందులకి లొంగని మొండి టీబీకి వాడే ముఖ్యమైన మందుల్లో లీవోఫ్లాక్సాసిన్ ఒకటి. దగ్గుకి దాన్ని రాసే ముందు కళ్ళె పరీక్ష అయిందా అని అడగండి.

కళ్ళె ఇవ్వడం కూడా నేర్చుకోవాల్సిన పనే. నా మొదటి డబ్బా తిప్పి పంపారు. “ఉమ్ము కాదమ్మా, లోపల్నుంచి రావాలి” అని ఆశా వర్కర్, మా ఆశక్క, దగ్గరుండి చూపించింది. నీళ్లతో నోరు పుక్కిలించాలి, మనుషులకి దూరంగా ఆరుబయట నిలబడాలి, రెండు మూడుసార్లు గుండెల నిండా గాలి పీల్చి వదిలి, అప్పుడు ఛాతీలోంచి దగ్గాలి. చిక్కగా రెండు నుంచి ఐదు మిల్లీలీటర్లు చాలు. ఒక డబ్బా అక్కడికక్కడ, రెండోది మర్నాడు నిద్ర లేవగానే. సీబీనాట్, ట్రూనాట్ యంత్రాలు క్రిమి ఉందో లేదో చెప్పడంతోపాటు టీబీ మందుల్లో ముఖ్యమైన రిఫాంపిసిన్‌కి లొంగుతుందో లేదో కూడా చెప్తాయి. ఆ రెండో జవాబు రాకుండా కాగితం తీసుకుని వచ్చేయకండి.

మొదటి రెండు నెలలు నాలుగు మందులు కలిపిన మాత్ర, తర్వాత నాలుగు నెలలు మూడు మందులది. ఎన్ని మాత్రలన్నది బరువుని బట్టి. నేను 41 కిలోలు, కాబట్టి రోజుకి మూడు, అన్నీ ఒకేసారి, పరగడుపున. మూత్రం నారింజ రంగులో వస్తుంది, దానికి భయపడక్కర్లేదు. భయపడాల్సినవి వేరే ఉన్నాయి: ఆగని వాంతులు, కళ్లు పచ్చబడటం, ఎరుపూ ఆకుపచ్చా తేడా తెలియకపోవడం. వీటిలో ఏది కనిపించినా ఆ రోజే డాక్టర్ దగ్గరికి వెళ్లాలి. అరికాళ్లలో తిమ్మిరి, మంటలు రాకుండా బి6 మాత్ర ఇస్తారు. మొదట్లో వికారం మూలంగా తెల్లారుజామున చదువు సాగదు. నాకు పదకొండు తర్వాతే బుర్ర పనిచేసేది. ఫిజిక్స్ లెక్కలు అప్పుడు, బాటనీ బొమ్మలు సాయంత్రం.

చాలామందిలో మందు సరిగ్గా పడ్డాక రెండు వారాలకల్లా అంటించే శక్తి బాగా తగ్గిపోతుంది. డాక్టరు ఆ మేరకు కాగితం రాసిచ్చినా హాస్టల్ వాళ్లు తీసుకోలేదు, “ఇంటి దగ్గర చదువుకోండి, పరీక్షలకి రండి” అన్నారు. కట్టిన ఫీజు సంగతి ఎత్తలేదు. ఇలాంటప్పుడు చెయ్యాల్సినవి రెండు. ఒకటి, నిక్షయ్ ఐడీని, అంటే సర్కారు టీబీ రికార్డులో మన నంబరుని, ఊరి పీహెచ్‌సీకి ట్రాన్స్‌ఫర్ చేయించుకోవడం. అది చేయకుండా దసరాకో సంక్రాంతికో ఊరెళ్లి మాత్రలు అయిపోయి ఆగిపోయినవాళ్లే ఎక్కువ. రెండోది హాజరు. ఇంటర్‌కి 75 శాతం కావాలి. అనారోగ్యంతో తగ్గితే మెడికల్ సర్టిఫికెట్ పెట్టి కండోనేషన్ ఫీజు కట్టొచ్చు. చికిత్స మొదలైన తేదీ ఉన్న కార్డు జిరాక్సు ప్రిన్సిపాల్‌కి అప్పుడే ఇచ్చి, అందినట్టు సంతకం తీసుకోండి. అసలు పరీక్షల్లో రాయలేకపోతే అడ్వాన్స్‌డ్ సప్లిమెంటరీ ఉంది. నేను రెండు పేపర్లు అలాగే రాశాను.

తిండి దగ్గరికొస్తే పాత వాదన ఒకటుంది. 1956లో మద్రాసులో మొదలైన అధ్యయనంలో రోగుల్ని సగం శానటోరియంలో (టీబీ ఆసుపత్రిలో), సగం వాళ్ల ఇళ్లలోనే ఉంచి మందులిచ్చారు. ఇళ్లలో ఉన్నవాళ్లు తిన్నది నాసిరకం తిండే, అయినా దాదాపు అంతే బాగా తగ్గింది. దాంతో తిండి ముఖ్యం కాదని చాలామంది తేల్చేశారు. నాకది పొరపాటనిపిస్తుంది. అది మందు గొప్పతనం చెప్పింది, అంతే. జార్ఖండ్‌లో చేసి 2023లో ప్రచురించిన అధ్యయనంలో రోగి ఇంట్లోవాళ్లకి మనిషికి నెలకి 5 కిలోల బియ్యం, కిలోన్నర కందిపప్పు, విటమిన్ మాత్రలు ఇచ్చారు. ఆ ఇళ్లలో కొత్తగా టీబీ రావడం దాదాపు 40 శాతం తగ్గింది. అంటే నాకు ఆ పప్పు అందాల్సింది జబ్బు రాకముందు.

టీబీ రోగుల తిండి కోసం సర్కారు డబ్బులిచ్చే నిక్షయ్ పోషణ్ యోజన కింద అప్పట్లో నెలకి 500 ఇచ్చేవాళ్లు. రోజుకి పదహారు రూపాయలు, రెండు గుడ్లూ గుప్పెడు వేరుశనగలూ. 2024 నవంబరు నుంచి 1,000 చేశారు. ఖాతా ఆధార్‌తో లింకయి లేకపోతే డబ్బు ఆగిపోతుంది. పిల్లలకి ఖాతా లేకపోతే ఇంట్లోవాళ్లది ఇవ్వొచ్చు. మా ఇంట్లో అసలు ఖర్చు జబ్బు పేరు తెలియకముందే అయిపోయింది: ప్రైవేటు స్కాన్, బస్సు చార్జీలు, నా వెంట తిరిగిన రోజుల్లో నాన్నకి పోయిన కూలి. ఏడాది ఆదాయంలో ఐదో వంతు దాటితే దాన్ని కుటుంబాన్ని కుంగదీసే ఖర్చుగా ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కగడుతుంది. మేము దాటేశాం.

అమ్మ మాత్రలు బియ్యం డబ్బాలో దాచేది, సంబంధాలు చెడతాయని. డబ్బా మూత తీస్తే బియ్యప్పిండి అంటిన స్ట్రిప్పులు. ఆశక్క వస్తే పక్కింటివాళ్లకి “రక్తం తక్కువట” అని చెప్పేది. ఆడపిల్లల ఇళ్లలో ఇది మామూలే. మాత్రలు మాత్రం ఆగలేదు.

రెండు నెలలకీ, ఆఖర్నా కళ్ళె మళ్లీ పరీక్ష చేస్తారు. నెలనెలా బరువు చూస్తారు, ఐదు కిలోలు పెరిగితే మాత్రల లెక్క మళ్లీ చూడమనాలి. అయిపోయాక కూడా ఆరు నెలలకోసారి రెండేళ్లపాటు పరీక్షకి వెళ్లాలి. డిగ్రీకి వేరే ఊరు వెళ్తే చికిత్స కార్డు, నిక్షయ్ ఐడీ వెంట ఉంచుకోండి. అక్కడి టీబీ యూనిట్‌లో అదే నంబరు మీద చూస్తారు.