లడ్డూ పాట మధ్యలో ఆగిపోకుండా: నా అనుభవం

41,000 రూపాయల దగ్గర వినాయకుడి లడ్డూ వేలంపాట ఆగిపోయినప్పుడు మైకు నా చేతిలోనే ఉంది. 2023 వినాయక చవితి పండగ, నిమజ్జనం రోజు సాయంత్రం. హైదరాబాద్‌లో మా కాలనీ మండపం ముందు రెండు వందల మంది దాకా కూర్చున్నారు. లడ్డూ మీద వచ్చే డబ్బుతో పక్క వీధి ప్రభుత్వ బడికి బెంచీలు చేయించాలని ముందే అనుకున్నాం. అక్కడ పిల్లలు నేల మీద వంగి రాసుకోవడం నేను కళ్లారా చూశాను. ఆ సంగతి చెబితే పాట ఇంకా పెరుగుతుందని నమ్మాను. ఇద్దరు పోటాపోటీగా పాడుతుండగా ఆపి, బడి గురించి నాలుగైదు నిమిషాలు మాట్లాడాను. నేను ముగించేసరికి ఒకాయన ఫోన్ పట్టుకుని పక్కకు వెళ్లిపోయాడు, రెండో ఆయన చేతులు కట్టుకుని కూర్చున్నాడు. మూడుసార్లు అడిగాను. ఎవరూ పలకలేదు.

ఆ ఏడాది హైదరాబాద్ శివారు బాలాపూర్‌లో వినాయకుడి లడ్డూ 27 లక్షలు పలికింది. 1994లో అక్కడి మొదటి పాట 450 రూపాయలే. బండ్లగూడ జాగీర్‌లో ఒక విల్లాల సముదాయంలోనైతే లడ్డూ 1.26 కోట్లకు వెళ్లింది. అవన్నీ విని, లడ్డూ పాట దానంతట అదే పెరుగుతుందనుకున్నాను. ఒక్కో బెంచీ మూడున్నర వేలు. మాకు వచ్చినదానితో పదకొండు అయ్యాయి. బడికి కావలసినవి యాభై. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

మర్నాడు మా వీధి పెద్దాయన ఒకరు పిలిచారు. ఆయన చిన్నప్పుడు ఊళ్లో చెరువు చేపల వేలం, మామిడి తోటల వేలం చూసిన మనిషి. "బాబూ, కథంతా ముందే చెప్పేయాలి. పాట మొదలయ్యాక నీ నోట అంకె తప్ప ఇంకో మాట రాకూడదు. మాట వినపడితే మనిషి ఆలోచిస్తాడు, ఆలోచిస్తే చెయ్యి దిగిపోతుంది" అన్నారు.

2024లో ఆ మాటే పట్టుకున్నాను. పాటకు గంట ముందే బడి పిల్లలను మండపానికి పిలిచి ప్రసాదం పెట్టించాం. హెడ్‌మాస్టర్ గారు రెండు నిమిషాలు మాట్లాడారు. బడి గురించిన మాట అంతటితో సరి.

పాట 1,116 దగ్గర మొదలుపెట్టాను. కమిటీలో కొందరు మరీ తక్కువన్నారు. కానీ తక్కువలో మొదలైతే ఆటో నడిపే అన్న కూడా ఒకసారి పాడగలడు. పాడాడు కూడా, జనం చప్పట్లు కొట్టారు. మొదటి నిమిషంలోనే పదిమంది గొంతులు కలిశాయి. ముందటేడు ప్రతి పాటకూ నూట పదహార్లు తగిలించి లెక్క తడబడ్డాం. ఈసారి వేలకు వేలే, పదహార్లు ఆఖరున కలుపుదామని ముందే చెప్పాను. ఇరవై వేల దాకా వెయ్యి చొప్పున, తర్వాత రెండు వేల చొప్పున పెంచాం. అరవై దాటాక జోరు తగ్గినట్టు అనిపించగానే "ఐదు వందలు చాలన్నా" అన్నాను. ఆ చిన్న మెట్టే పాటను ఇంకో ఇరవై వేలు పైకి తీసుకెళ్లింది.

నాలుగు మూలలా నలుగురు కుర్రాళ్లను నిలబెట్టాం. వెనక వరసలో ఆడవాళ్లు చెయ్యెత్తితే ముందటేడు నాకు కనపడనేలేదు. ఈసారి కుర్రాళ్లు "ఇటు ఒక పాట!" అని అరుస్తుంటే నాకు ఊపిరి తీసుకునే టైమ్ లేదు. మూడో వీధిలో ఎనిమిది ఇళ్లవాళ్లు కలిసి ఒక్క పాటగా దిగారు. బండ్లగూడలోనూ ఇళ్లవాళ్లు జట్లుగా పాడతారు.

ఒక దగ్గర మాత్రం నేనే వేగం తగ్గించాను. ఒక కుర్రాడు పంతానికి పోయి పాడుతున్నాడు, పక్కన వాళ్లమ్మ ముఖం వాడిపోతోంది. దగ్గరికి వెళ్లి మైకు పక్కకు పెట్టి "తమ్ముడూ, ఇంట్లో అడిగావా?" అన్నాను. తల దించుకుని కూర్చున్నాడు. "మీ వీధి సత్తా ఇంతేనా" అని రెచ్చగొట్టి పెంచే పాట నాకు వద్దు. దేవుడి పేరున, పిల్లల కోసం తెచ్చే డబ్బు ఏ ఇంట్లోనూ కన్నీళ్లు తేకూడదు.

చివరికి మూడో వీధివాళ్లకే 82,116కి లడ్డూ దక్కింది. చప్పట్లు ఆగకముందే మిగతా బెంచీలకు చదివింపులు మొదలుపెట్టాం. ఓడినవాళ్ల మనసులో ఇవ్వాలన్న వేడి ఇంకా ఉంటుంది, పది నిమిషాలు ఆలస్యమైతే అది చల్లారిపోతుంది. నాలుగు బెంచీలు ఎవరు, రెండు ఎవరు, ఒకటి ఎవరు అంటూ పైనుంచి కిందికి అడుగుతూ వచ్చాను. పేరు చదవగానే పక్క బల్ల దగ్గర కోశాధికారి రసీదు రాసిచ్చాడు. అప్పు మీద పాడి తర్వాత ముఖం చాటేసినవాళ్లు ముందటేడు ఉన్నారు కనుక ఈ పద్ధతి పెట్టుకున్నాం.

రెండేళ్ల లడ్డూ డబ్బుతో అయ్యే ముప్పై నాలుగు పోను ఇంకా పదహారు బెంచీలు కావాలి, చదివింపుల్లో పదిహేను అయ్యాయి. లారీ మీదికి విగ్రహం ఎక్కిస్తున్నారు. మా వాచ్‌మన్ అన్న ఐదు వందలు తెచ్చి బల్ల మీద పెట్టాడు. ఆటో అన్న ఇంకో ఐదు వందలు వేశాడు. ఇందాకటి కుర్రాడు వాళ్లమ్మతో వచ్చి వెయ్యి ఇచ్చాడు. మిగిలిన పదిహేను వందలూ పెద్దాయన కలిపారు. ఆ నలుగురి పేర్లూ కలిపి ఒకే రసీదు రాయించి, మైకులో చదివాను.