నాలుగు కుర్చీల డైరెక్టరు

బోర్డు మీటింగులకు మినిట్స్ రాయడం నా ఉద్యోగం. మా డైరెక్టర్లలో ఒకాయన ఇంకో మూడు బోర్డుల్లో ఉన్నారు. ఎజెండా కవరు మీటింగులోనే చింపుతారు. అందుకే ఫిచ్, శివదాసానీల 2006 పరిశోధన చదవగానే ‘నే చెప్పలా!’ అనుకున్నాను. అమెరికా పెద్ద కంపెనీల్లో, బయటి డైరెక్టర్లలో (అంటే కంపెనీలో ఉద్యోగం చేయనివాళ్లలో) ఎక్కువమంది మూడు, అంతకు మించి బోర్డుల్లో ఉంటే లాభదాయకత తక్కువట. 2003లో ఫెరిస్ బృందానికి మాత్రం అలాంటి నష్టమేమీ కనబడలేదు. చిక్కేమిటంటే, సమర్థుల్నే కదా అందరూ పిలిచేది! అందుకే ఊరికే పోల్చి చూస్తే, ఎక్కువ బోర్డుల ప్రభావమేదో, ఆ మనుషుల సమర్థత ఏదో విడిగా తేలదు. 2018లో హౌసర్ మంచి కిటుకు పట్టారు: కంపెనీల విలీనంతో ఒక సీటు పోయినవాళ్లను చూశారు. వాళ్లున్న మిగతా కంపెనీల లాభాలు మెరుగుపడ్డాయి.

మా డైరెక్టరుగారు ఈమధ్యే ఒక బోర్డు వదిలారు. మొన్న ఆడిట్ రిపోర్టు పదిహేడో పేజీలో ఆయన పెన్సిలు గీత కనిపించింది, పక్కన ప్రశ్నార్థకంతో సహా.